పాత సెయిల్‌బోట్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా? బే ఏరియాలో అసలు లెక్క వేసుకునే పద్ధతి

శాన్‌ఫ్రాన్సిస్కో బేలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్న మనవాళ్లు, కోర్సు అయిన నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటే. "30 అడుగుల పాత కాటలీనా సెయిల్‌బోట్ ఎనిమిది, తొమ్మిది వేల డాలర్లకే దొరుకుతోంది. ప్రతిసారీ అద్దె కట్టే బదులు కొనేస్తే పోలా?"

కొనొచ్చు. కాకపోతే పడవ ఖర్చు దాని ధరను బట్టి రాదు. పొడవును బట్టి, వయసును బట్టి వస్తుంది. తొమ్మిది వేల పడవైనా తొంభై వేల పడవైనా, రెండూ 30 అడుగులే అయితే స్లిప్ (పడవలు నిలిపే రేవులో, అంటే మెరీనాలో, మీ పడవ కట్టుకునే చోటు) అద్దె ఒకటే, అడుగుభాగానికి వేసే పెయింటు ఖర్చు ఒకటే, కొత్త తెరచాప ధర ఒకటే. చవక పడవకు పార్టులు చవగ్గా ఎవరూ ఇవ్వరు.

కింద వేసిన రేట్లు లెక్క ఎలా నడుస్తుందో చూపించడానికి తీసుకున్నవి. మీ మెరీనా, మీ క్లబ్, మీ ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పే అంకెలను వాటి స్థానంలో పెట్టుకోండి. వరుస మాత్రం మార్చకండి.

## 1. డబ్బుకన్నా ముందు రోజులు లెక్కపెట్టండి

మొత్తం లెక్క ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది: ఏడాదిలో మీరు నిజంగా ఎన్ని రోజులు నీళ్ల మీదికి వెళ్తారు? "వారానికోసారి" అనేది దాదాపు అందరూ చెప్పే జవాబు, దాదాపు ఎవరికీ కుదరని జవాబు కూడా.

ఊహించకండి. ఫోన్‌లో పోయిన ఏడాది క్యాలెండర్ తెరిచి, 52 వారాంతాలను ఒక్కొక్కటిగా కొట్టేస్తూ రండి.

- ఇండియా ప్రయాణం, దాని ముందు షాపింగ్ వారాలు
- పిల్లల సాకర్, కూచిపూడి క్లాసులు, పుట్టినరోజు పార్టీలు
- అమ్మానాన్నలు వచ్చి ఉన్న నెలలు (వాళ్లను పడవెక్కిస్తారా లేదా అన్నది మీకే తెలుసు)
- ఆన్‌కాల్ వారాలు, రిలీజ్ వారాలు
- వాన, పొగ, పొగమంచు ఉన్న రోజులు

మిగిలిన వాటిలో సగం తీసుకోండి. అంతకు మించి లెక్కలోకి తేకండి.

గాలి సంగతి విడిగా చూడాలి. వేసవిలో గోల్డెన్ గేట్ నుంచి ఆల్కట్రాజ్ మీదుగా బర్కిలీ వైపు వచ్చే గాలి మధ్యాహ్నానికి 20, 25 నాట్లకు (గంటకు అన్ని నాటికల్ మైళ్ల వేగానికి) చేరడం మామూలే. నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి. మీకు అది సరదా కావచ్చు, ఇంట్లోవాళ్లకు రెండోసారి రావాలనిపించకపోవచ్చు. అందుకే రోజులను మూడుగా విడదీసి రాసుకోండి: కుటుంబంతో, స్నేహితులతో, ఒంటరిగా. మొదటి వరుసలో పెద్ద అంకె వేసి, ఆ ఒక్కదాని మీదే పడవ కొంటున్నారంటే ఒక ఎండాకాలం ఆగడం మంచిది.

ఇంకొకటి, ఇల్లు ఎక్కడ? ఆలమీడాలో ఉన్నవాళ్లకు ఆఫీసు అయ్యాక రెండు గంటలు పడవ మీద తిరిగి రావడం సాధ్యమే. సన్నీవేల్ నుంచి ఆలమీడాకో బర్కిలీకో శనివారం ట్రాఫిక్‌లో వెళ్లి రావడమే ఒక పని. సొంత పడవకున్న అసలు లాభం "అనుకున్న వెంటనే వెళ్లొచ్చు" అన్నది. మెరీనా గంట దూరంలో ఉంటే ఆ లాభం చాలావరకు పోయినట్టే.

## 2. కొంటే ఎంత: ఒక్కసారి పెట్టేది

ఉదాహరణకు 1980ల నాటి కాటలీనా 30 తీసుకుందాం. ఈ మోడల్ వేలల్లో తయారైంది, పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, బేలో ఏ మెరీనాకు వెళ్లినా ఒకటి రెండు కనిపిస్తాయి.

- పడవ ధర: 9,000 డాలర్లు
- యూజ్ ట్యాక్స్ (సేల్స్ ట్యాక్స్ బదులు కొన్నవాళ్లు కట్టేది), కౌంటీని బట్టి మారుతుంది, సుమారు 10 శాతం: 900
- రిజిస్ట్రేషన్ మార్పు: 100
- సర్వే (కొనేముందు నిపుణుడితో చేయించే తనిఖీ), అడుగుకు 25 చొప్పున: 750
- సర్వే కోసం పడవను నీళ్లలోంచి పైకెత్తడం: 400
- మొదటి ఏడాది మరమ్మతులు: 4,000

మొత్తం 15,150 డాలర్లు.

వీటిలో అందరూ మరిచేది చివరిది. పాత పడవను అమ్మేవాళ్లు అమ్మడానికి రెండు మూడేళ్ల ముందు నుంచే దాని మీద డబ్బు పెట్టడం ఆపేస్తారు. బ్యాటరీలు, ఇంజన్ హోసులు, ఇంపెల్లర్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే రెక్కల చక్రం), బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడేది), అరిగిన తాళ్లు అన్నీ ఒకేసారి మీ నెత్తిన పడతాయి. గడువు తీరిన సేఫ్టీ సామాను సరేసరి. మంట సిగ్నళ్లు తయారైన నాటి నుంచి 42 నెలలే చెల్లుతాయి. రీఫిల్ చేయని రకం అగ్నిమాపక సిలిండర్లకు కోస్ట్‌గార్డ్ నిబంధన ప్రకారం 12 ఏళ్లు గడువు. సిలిండర్ అడుగున తయారీ ఏడాది ఉంటుంది, తిప్పి చూడండి.

## 3. కొంటే ఎంత: ప్రతి ఏడాదీ పెట్టేది

- స్లిప్ అద్దె, అడుగుకు నెలకు 12 చొప్పున: 4,320
- కరెంటు, తాళాలు, చిల్లర ఫీజులు: 240
- ఇన్సూరెన్స్: 450
- డైవర్ అడుగుభాగం గోకడం, రెండు నెలలకోసారి 90 చొప్పున: 540
- అడుగుభాగం పెయింటు, మూడేళ్లకోసారి 3,000. ఏడాది వాటా: 1,000
- కౌంటీ ఆస్తిపన్ను: 100
- ఇంజన్ సర్వీసు, మామూలు మరమ్మతులు: 1,500
- మాస్ట్‌ను (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు తీగల కోసం పక్కన పెట్టేది: 500
- తెరచాపల కోసం పక్కన పెట్టేది: 600

మొత్తం 9,250 డాలర్లు. అంటే పడవ ధరకన్నా ఏడాది ఖర్చే ఎక్కువ!

చివరి రెండు వరుసలను తీసేసి లెక్క తగ్గించుకోవడం చాలామంది చేసే పని. తీగలు పదేళ్ల పైబడ్డాయంటే మార్చే సమయం దగ్గరపడినట్టే. ఆ ఖర్చు మీ హయాంలో రాకపోయినా, అమ్మేటప్పుడు కొనేవాడు బేరంలో కోసేస్తాడు. ఎటు తిరిగీ పెట్టేది మీరే.

ఆస్తిపన్నులో చిన్న కిటుకు ఉంది. కాలిఫోర్నియాలో జనవరి 1న పడవ ఎవరి పేరున ఉంటే ఆ ఏడాది పన్ను వాళ్లదే. డిసెంబర్ చివర్లో బేరం కుదిరితే కాగితాలు జనవరి మొదటి వారానికి జరపండి. మరీ పెద్ద మొత్తం కాదనుకోండి, అయినా ఊరికే ఎందుకు కట్టడం?

నాలుగేళ్లు ఉంచుకుని 5,000కు అమ్మారనుకుందాం. ఒక్కసారి పెట్టిన 15,150లో 10,150 పోయింది. ఏడాదికి సుమారు 2,540. దీన్ని 9,250కి కలిపితే మీ పడవ అసలు ఖర్చు ఏడాదికి 11,790 డాలర్లు.

## 4. అద్దె లెక్క

బేలో అద్దెకు రెండు దారులు. ఒకటి, ఏ రోజుకారోజు చార్టర్, అంటే పడవను అద్దెకు తీసుకోవడం. రెండు, క్లబ్ సభ్యత్వం తీసుకుని తగ్గింపు ధరకు పడవ తీసుకోవడం.

మొదటి దారిలో 30 అడుగుల పడవకు రోజుకు 400, డ్యామేజ్ వేవరూ (పడవ దెబ్బతింటే మీ మీద పడే భారం తగ్గించే రుసుము) డీజిలూ కలిపి 40, మొత్తం 440 అనుకోండి. రెండో దారిలో సభ్యత్వం నెలకు 100, అంటే ఏడాదికి 1,200. పడవకు రోజుకు 300, పైన 40 కలిపి 340.

రేటు అడిగేటప్పుడు ఈ ప్రశ్నలు కూడా అడగండి. వీటి జవాబుల్లోనే అసలు ధర ఉంటుంది.

- శని, ఆదివారాలకు రేటు వేరా? ఎన్ని వారాల ముందు బుక్ చేస్తే దొరుకుతుంది?
- డిపాజిట్ ఎంత? డ్యామేజ్ అయితే మీ మీద పడే గరిష్ఠ మొత్తం ఎంత?
- గాలి ఎక్కువై పడవ ఇవ్వకపోతే డబ్బు వెనక్కా, ఇంకో తేదీకి మార్పా?
- ఏ సర్టిఫికెట్ కావాలి? ఏఎస్‌ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) 101తో చిన్న పడవలు, 103తో ఇంకాస్త పెద్దవి, 104తో బేర్‌బోట్ చార్టర్ (కెప్టెన్ లేకుండా మీరే నడుపుకునేది) అన్నది సాధారణ వరుస. చాలాచోట్ల వాళ్ల ఇన్‌స్ట్రక్టర్‌తో మీ నైపుణ్యం చూసే ఒక చెకౌట్ సెయిల్ కూడా ఉంటుంది, దానికి విడిగా డబ్బు.
- గోల్డెన్ గేట్ దాటి బయటికి వెళ్లొచ్చా? రాత్రి లంగరు వేసి ఉండొచ్చా?
- సభ్యత్వానికి కనీసం ఎన్ని నెలలు కట్టుబడి ఉండాలి?

కోర్సుల ఖర్చును ఏ పక్కనా వేయలేదు. కొన్నా, అద్దెకు తీసుకున్నా నేర్చుకోవాల్సిందే. హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ) నడిపిన అనుభవం ఉన్నవాళ్లకు గాలి అర్థమవుతుంది కాబట్టి త్వరగా వచ్చేస్తుంది. అయితే ఇంజన్‌తో స్లిప్‌లోకి పెట్టడం, ఆటుపోట్ల ప్రవాహం చదవడం వాళ్లకూ కొత్తే.

## 5. రెండూ ఎక్కడ సమానమవుతాయి

సొంత పడవ ఏడాది ఖర్చును ఒక రోజు అద్దెతో భాగించండి.

- రోజువారీ చార్టర్‌తో పోలిస్తే: 11,790 ÷ 440 = సుమారు 27 రోజులు
- క్లబ్‌తో పోలిస్తే: సభ్యత్వం తీసేసి, 10,590 ÷ 340 = సుమారు 31 రోజులు

అంటే నెలకు రెండు రోజులకు పైగా, ఏడాది పొడవునా వెళ్తేనే సొంత పడవ డబ్బుపరంగా గిట్టుబాటు. ఏడాదికి 12 రోజులు వెళ్తే ఒక్కో రోజు మీకు 980 డాలర్ల పైన పడుతోంది. 40 రోజులు వెళ్తే 300 లోపుకు దిగుతుంది.

మీ సొంత చాకిరీకి ఇందులో విలువ కట్టలేదు. పాత పడవ ఉన్నవాళ్లకు దాన్ని నడిపే రోజులతోపాటు బాగుచేసే రోజులూ ఉంటాయి, ఆ రోజులు కూడా వారాంతాల్లోంచే రావాలి. ఇంజన్ కింద దూరి చేతులకు గ్రీజు పూసుకోవడం మీకు ఇష్టమైతే అది ఖర్చు కాదు, కాలక్షేపమే. ఇష్టం లేకపోతే మొదటి సెక్షన్‌లో వేసుకున్న రోజుల్లోంచి కనీసం ఎనిమిది తీసేయండి.

## 6. మధ్యే మార్గాలు

నన్నడిగితే చాలామందికి సరిపోయే జవాబు ఈ సెక్షన్‌లో ఉంది.

ముగ్గురు కలిసి కొనడం. పై లెక్కను మూడుతో భాగిస్తే ఒక్కొక్కరికి ఏడాదికి 3,930. తొమ్మిది చార్టర్ రోజుల డబ్బు. పదో రోజు నుంచి మీకు లాభమే. అయితే స్నేహితులం కదా అని నోటిమాటతో కానివ్వకండి. రాసుకోవాల్సినవి ఇవి: వారాంతాల వంతు ఎలా, ఎంత మొత్తం దాటితే ముగ్గురూ ఒప్పుకోవాలి, పాడుచేసినవాళ్లు ఏం కట్టాలి, ఒకరు వేరే ఊరు మారిపోతే వాళ్ల వాటా ఎవరు, ఏ ధరకు, ఎన్ని నెలల్లో తీసుకోవాలి. ఉద్యోగం పోతేనో, వీసా కారణంగానో హఠాత్తుగా వెళ్లిపోవాల్సి రావడం మన దగ్గర అరుదు కాదు. కాబట్టి ఆఖరి అంశం అన్నిటికన్నా ముందు తేల్చుకోండి.

వేరేవాళ్ల పడవలో క్రూగా వెళ్లడం. వేసవిలో బే చుట్టూ ఉన్న యాట్ క్లబ్బులు సాయంత్రం పూట సరదా రేసులు నడుపుతాయి, బీర్ క్యాన్ రేసులంటారు. పడవ ఉన్నవాళ్లకు మనుషులు చాలరు. టైముకు వచ్చి, చెప్పిన తాడు లాగితే మళ్లీ పిలుస్తారు. ఖర్చు దాదాపు సున్నా, నేర్చుకునేది చాలా. నలుగురి పాత పడవలూ దగ్గర్నుంచి చూసే అవకాశం కూడా ఇదే.

వాలంటీర్ క్లబ్బు. బర్కిలీ మెరీనాలో కాల్ సెయిలింగ్ క్లబ్ ఉంది. సభ్యులే నడుపుకునే నాన్‌ప్రాఫిట్. మూడు నెలలకోసారి సభ్యత్వం, కాసింత చాకిరీ. సౌకర్యాలు తక్కువ, గాలి ఎక్కువ.

ట్రైలర్ పడవ. కాటలీనా 22 లాంటిదైతే స్లిప్ అద్దె ఉండదు. కానీ అపార్ట్‌మెంట్లలో, చాలా హెచ్‌ఓఏల్లో (ఇళ్ల యజమానుల సంఘాలున్న కాలనీల్లో) ట్రైలర్ పెట్టనివ్వరు. వెళ్లిన ప్రతిసారీ మాస్ట్ లేపాలి, దించాలి. 2024లో శాక్రమెంటో-సాన్ వాకీన్ డెల్టాలో గోల్డెన్ మస్సెల్ (పడవలకు అంటుకుని వ్యాపించే గుల్లజీవి) బయటపడ్డాక సరస్సుల దగ్గర తనిఖీలు కూడా కఠినమయ్యాయి. సొంత ఇల్లు, పక్కన ఖాళీ జాగా ఉన్నవాళ్లకే ఇది.

## 7. కొనాలనే నిర్ణయిస్తే: పనుల వరుస

### 7.1 పడవకన్నా ముందు స్లిప్

మీకు కావలసిన మెరీనాలో ఖాళీ ఉందో లేదో, వెయిటింగ్ లిస్టు ఎంతుందో కనుక్కోండి. అమ్మే పడవ ఇప్పుడున్న స్లిప్ మీకు వస్తుందని అనుకోవద్దు, చాలాచోట్ల అది యజమానితోపాటు పోతుంది.

కొలత ఎలా వేస్తారో అడగండి. ముందున్న రెయిలింగ్, వెనక వేలాడే మోటారు కలిపి 30 అడుగుల పడవ 32, 33 కావచ్చు. చాలా మెరీనాలు స్లిప్ పొడవు, పడవ పొడవుల్లో ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి.

లోతు కూడా అడగండి. కాటలీనా 30 మామూలు కీల్ (పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క) అయిదడుగుల పైచిలుకు లోతు తీసుకుంటుంది. ఆటు సమయంలో కొన్ని మెరీనాల్లో అంత నీరుండదు. పోటు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రోజులు ఇంకా తగ్గుతాయి.

ఇంటద్దె మిగులుతుంది, పడవలోనే ఉండిపోదాం అనే ఆలోచన ఉంటే అదీ ఇప్పుడే అడగాలి. బే మెరీనాల్లో నివాసానికి ఇచ్చే స్లిప్పులు పదో వంతుకు మించవు, వాటికి విడిగా అనుమతి, విడిగా ఫీజు.

### 7.2 ఇన్సూరెన్స్ కోట్

మెరీనాలు లయబిలిటీ పాలసీ అడుగుతాయి. ముప్పై, నలభై ఏళ్ల పడవ అంటే కొన్ని కంపెనీలు మొహం తిప్పుకుంటాయి, మిగతావి సర్వే అడుగుతాయి. మోడల్, తయారీ ఏడాది, ఇంజన్ రకం చెప్పి ముందే కోట్ తీసుకోండి. చవక పాలసీ అయినా పర్వాలేదు కానీ, మునిగిన పడవను బయటికి తీసే ఖర్చు, ఇంధనం కారితే శుభ్రం చేసే ఖర్చు అందులో ఉన్నాయో లేదో చదవండి. పడవ ధర కన్నా అవి ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు.

### 7.3 సర్వేకు ముందు మీ సొంత తనిఖీ

సర్వేయర్‌కు డబ్బులిచ్చి "ఇది వద్దు" అనిపించుకోవడం దండగ. చెత్త పడవలను ముందు మీరే ఏరేయొచ్చు. టార్చి, స్క్రూడ్రైవర్, టిష్యూ పేపర్లు తీసుకెళ్లండి, గంట చాలు.

ఇంజన్. మాటలు మొదలుపెట్టకముందే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. చల్లారే దాకా ఆగండి, లేదా ఇంకో రోజు రండి. చల్లటి డీజిల్ ఇంజన్ ఎలా అందుకుంటుందన్నదే చూడాల్సింది. స్టార్ట్ అయ్యాక వెనక ఎగ్జాస్ట్ నుంచి పొగతోపాటు నీళ్లు చిమ్ముతూ రావాలి. రాకపోతే వెంటనే ఆపమనండి. నీలం పొగ ఎంతకీ తగ్గకపోతే లోపల ఆయిల్ కాలుతోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే అందులో నీళ్లు చేరాయి, మీరు ఇంటికెళ్లొచ్చు. పాత పడవల్లో కొన్నిటికి అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. పనిచేస్తే మంచిదే, కానీ ప్రతిసారీ ముందు బ్లోయర్ వేసి పెట్రోల్ ఆవిరి బయటికి పంపాకే స్టార్ట్ చేయాలి. అమ్మేటప్పుడు కూడా డీజిల్ కన్నా తక్కువ పలుకుతుంది.

డెక్. స్క్రూడ్రైవర్ పిడితో డెక్ (పడవ పైతలం) అంతా అడుగుకోచోట కొట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అని స్పష్టంగా మోగుతుంది. లోపలి చెక్క నాని కుళ్లినచోట శబ్దం చచ్చిపోయి డబ్ డబ్ అంటుంది. మాస్ట్ చుట్టూ, స్తంభాల మొదళ్ల దగ్గర, కిటికీల అంచుల్లో ఎక్కువసేపు కొట్టండి. అరచెయ్యంత మేర మెత్తబడి ఉంటే బేరమాడొచ్చు. డెక్ సగం అలాగే ఉంటే ఎంత తగ్గించినా వద్దు.

తీగలు. మాస్ట్ తీగల కింది చివర, ఫిట్టింగ్‌లోకి దూరే చోట టిష్యూతో పైనుంచి కిందికి తుడవండి. వేలితో వద్దు, తెగిన పోగుంటే కోసుకుపోతుంది. టిష్యూ చిక్కి చిరిగితే ఆ తీగలన్నీ మార్చాల్సిందే. లోపలికి దిగి, ఆ తీగలు బిగించిన స్టీలు పట్టీల కింద చెక్క మీద తుప్పు చారలున్నాయేమో చూడండి.

వాల్వులు. పడవ అడుగునుంచి నీళ్లు వచ్చిపోయే ప్రతి వాల్వునూ తిప్పి చూడండి. కదలని వాల్వు ఉన్నా లేనట్టే. కుళాయిలా గుండ్రంగా తిరిగే పాత ఇత్తడి వాల్వులుంటే మార్పించే ఖర్చు లెక్కలో కలపండి.

బిల్జ్ (పడవ లోపలి అడుగు), కీల్. నేల పలకలెత్తి చూడండి. కాస్త నీరు మామూలే, నూనె తెట్టు కాదు. కీల్ పట్టుకునే బోల్టులు తుప్పు పట్టి పొరలుగా లేస్తున్నాయా చూడండి. కాటలీనాల్లో కీల్ ముందు భాగం పడవకు అతికే చోట సన్న పగులు కనిపించడం అందరికీ తెలిసిందే, నవ్వినట్టుంటుంది కాబట్టి కాటలీనా స్మైల్ అంటారు. ఒక్క పగులుకే పారిపోనక్కర్లేదు. అందులోంచి తుప్పు నీరు కారుతుంటే మాత్రం సర్వేయర్ జవాబు చెప్పాలి.

తెరచాపలు. సంచిలోంచి తీసి పూర్తిగా పరిచి చూడండి. బాగున్న బట్ట కరకరలాడుతుంది. పాత పంచెలా మెత్తబడిపోతే ఆకారం నిలవదు, కొత్తవి కొనాలి.

### 7.4 రాతలో ఆఫర్, తర్వాత సర్వే

సర్వే, సీ ట్రయల్ (పడవను నీళ్లలో నడిపి చూడటం) నచ్చితేనే కొంటామని, లేకపోతే అడ్వాన్సు వెనక్కివ్వాలని రాసి సంతకాలు పెట్టుకోండి. సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్లు చెప్పిన మనిషి వద్దు. సామ్స్, నామ్స్ అనే రెండు సర్వేయర్ల సంఘాల్లో సభ్యత్వం ఉన్నవాళ్లయితే ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా ఒప్పుకుంటాయి. సర్వే రోజు మీరూ వెళ్లండి. రిపోర్టులో రాయని మాటలు నోటితో చెప్తారు.

రిపోర్టులోని లోపాలను "వెంటనే", "ఏడాదిలోపు", "ఎప్పుడైనా" అని మూడుగా విడదీసి, మొదటి రెండిటికీ ధర కనుక్కోండి. బేరం ఆ కాగితం చూపించి ఆడండి.

### 7.5 కాగితాలు

- టైటిల్ మీద పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా?
- పడవ వెనక మలిచిన హల్ నంబర్, కాగితం మీది నంబర్ ఒకటేనా?
- పాత రిజిస్ట్రేషన్ బాకీలు, స్లిప్ అద్దె బాకీలు ఉన్నాయా? హార్బర్ ఆఫీసులో అడగండి. బాకీ ఉంటే పడవ మీద మెరీనాకు హక్కు ఉండొచ్చు.
- పడవ కోస్ట్‌గార్డ్ దగ్గర డాక్యుమెంట్ (ఫెడరల్ నమోదు) అయి ఉందా, లేక డీఎంవీలో (రాష్ట్ర వాహనాల శాఖలో) సీఎఫ్ నంబరుతో (కాలిఫోర్నియా రిజిస్ట్రేషన్ నంబరుతో) ఉందా? డాక్యుమెంటేషన్ అమెరికా పౌరులకే. హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు డీఎంవీ రిజిస్ట్రేషన్ దారిలో కొనుక్కోవచ్చు, కానీ ముందు పాత డాక్యుమెంట్ రద్దు చేయించాలి.
- మీ దగ్గర కాలిఫోర్నియా బోటర్ కార్డు ఉందా? 2025 జనవరి నుంచి ఇంజన్ ఉన్న పడవ నడిపేవాళ్లకు వయసుతో సంబంధం లేకుండా తప్పనిసరి. ఒకసారి పది డాలర్లు కడితే జీవితాంతం చెల్లుతుంది.

## 8. అద్దెకే మొగ్గితే

పడవ అప్పగించేటప్పుడు తొందరపడకండి. ఫోన్‌తో ముందు నుంచి వెనక దాకా వీడియో తీయండి, ఇప్పటికే ఉన్న గీతలు వాళ్ల ఫారంలో రాయించండి. తెరచాపను చిన్నది చేసే రీఫ్ తాళ్లు పనిచేస్తున్నాయో లేదో డాక్ దగ్గరే చూసుకోండి. ఆల్కట్రాజ్ దగ్గర గాలి లేచాక నేర్చుకునే పని కాదది.

కుటుంబంతో అయితే ఉదయం స్లాట్ తీసుకోండి. గాలి పుంజుకునేలోపు ఏంజెల్ ఐలండ్ వెనక నీడకు చేరి, పులిహోర తిని రావచ్చు. తిరుగు ప్రయాణానికి ప్రవాహం ఎటుందో ముందే చూసుకోండి. ఆటు ప్రవాహం సముద్రం వైపు లాగుతూ గాలి ఎదురుగా వస్తే అలలు నిటారుగా లేస్తాయి.

ప్రతి ట్రిప్ తర్వాత తేదీ, ఖర్చు, ఎవరెవరు వచ్చారు అన్నవి ఒక షీట్‌లో రాయండి. ఏడాది తిరిగేసరికి మొదటి సెక్షన్‌లోని అంకె ఊహ కాదు, మీ సొంత రికార్డు.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఉచితంగా ఇస్తున్నారని తీసుకోవడం. ఉచిత పడవ అంటే ఇచ్చేవాళ్లు తమ స్లిప్ అద్దెను మీకు బదిలీ చేస్తున్నారని అర్థం. పై లెక్కలో ధర సున్నా వేసి, మరమ్మతులను రెట్టింపు చేసి మళ్లీ భాగించి చూడండి.

మొదటి పడవే పెద్దది కొనడం. 30 నుంచి 36 అడుగులకు వెళ్తే స్లిప్, పెయింటు, తెరచాప, తీగలు అన్నీ పెరుగుతాయి. 27 అడుగులతో మొదలుపెడితే అమ్ముడుపోవడమూ తేలికే.

అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామనుకోవడం. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకుంటే కోస్ట్‌గార్డ్ లైసెన్సున్న కెప్టెన్ కావాలి, మామూలు పాలసీ చెల్లదు. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు అది ఇంకో తలనొప్పి. స్నేహితులు డీజిలు, తిండి ఖర్చు పంచుకోవడం వేరే సంగతి, దానికి ఇబ్బంది లేదు.

నీళ్లలోనే చూసి కొనడం. కీల్, చుక్కాని, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ నీటి కిందే ఉంటాయి. పైకెత్తే 400 డాలర్లు మిగుల్చుకోవడానికి వాటిని చూడకుండా సంతకం పెట్టకండి.

మొదటి నెలలోనే సోలార్, ప్లాటర్ (దారి చూపే తెర), కుషన్లు కొనడం. ఈ వరుసలో వెళ్లండి: పడవ మునగకుండా చూసేవి, మాస్ట్ పడకుండా చూసేవి, ఇంజన్ ఆగకుండా చూసేవి. అందం ఆ తర్వాత.

## 10. వదిలించుకునే దారి కొనకముందే చూసుకోండి

పాత పడవ అమ్మడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో స్లిప్ అద్దె నడుస్తూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అడిగేవాళ్లు ఎక్కువ, అక్టోబర్ తర్వాత తగ్గిపోతారు. అమ్మాలనుకుంటే చలికాలంలో శుభ్రం చేసి, వసంతంలో ప్రకటన పెట్టండి. అడిగిన ధర మీద పంతానికి పోయి ఆరు నెలలు ఆగితే, ఆ ఆరు నెలల స్లిప్‌కే రెండు వేల పైన పోతుంది.

అమ్మిన రోజే డీఎంవీకి బదిలీ సమాచారం పంపండి. కొన్నవాళ్లు పేరు మార్చుకోకుండా పడవను ఎక్కడో వదిలేస్తే నోటీసులు మీ ఇంటికొస్తాయి.

ఎవరూ కొనని స్థితికి వస్తే కాలిఫోర్నియాలో వెసెల్ టర్న్ ఇన్ ప్రోగ్రాం ఉంది. రాష్ట్రం గ్రాంటు ఇచ్చిన స్థానిక సంస్థలు ఇలాంటి పడవలను యజమాని దగ్గర తీసుకుని ముక్కలు చేయిస్తాయి. నిధులున్నంత వరకే తీసుకుంటాయి కాబట్టి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. పడవ మీ పేరునే ఉందని చూపించే కాగితాలు అడుగుతారు. టైటిల్ తేలని పడవను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దనేది అందుకే: దాన్ని అమ్మలేరు, అప్పగించనూ లేరు, అద్దె మాత్రం నెలనెలా కడుతూ ఉండాలి.